మిడిగుడ్లు అన్న పేరు వెనక: ఒక కేస్ స్టడీ

ఆమె నా గదిలోకి వచ్చేటప్పటికి చేతిలో మూడు ఫైళ్ళున్నాయి. ఒకటి థైరాయిడ్ రిపోర్టులది, ఒకటి కాంటాక్ట్ లెన్సులు ఇచ్చిన కళ్ళద్దాల షాపుది, మూడోది ఒక బ్యూటీ క్లినిక్ ఇచ్చిన రంగుల ఫోల్డరు. వెంట వాళ్ళమ్మ వచ్చింది. వయసు 28, బ్యాంకులో ఉద్యోగం, గుంటూరు వైపు ఊరు. కూర్చోగానే అన్న మొదటి మాట ఇది: "డాక్టరు గారూ, కళ్ళు లోపలికి పంపే ఆపరేషన్ ఉందట కదండీ. నాకు అది చేయండి."

నేను విజయవాడలో కనురెప్పలకీ, కంటి గూటికీ ఆపరేషన్లు చేసే డాక్టర్ని. మా విభాగాన్ని ఆక్యులోప్లాస్టీ అంటారు. పుట్టుకతోనే కళ్ళు కాస్త ముందుకి ఉన్నవాళ్ళు పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందు నా దగ్గరికి ఎక్కువగా వస్తుంటారు. చాలామంది ఎక్కడో ఏదో ఒకటి చేయించుకున్నాకే వస్తారు. అందుకే ఈ కేసు వివరంగా రాయాలనిపించింది. ఆమె అనుమతి తీసుకున్నాను. ఎవరో గుర్తుపట్టే వివరాలు మార్చాను, కొలతలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాను.

ఆమె చెప్పింది

చిన్నప్పుడు నాయనమ్మ "చారడేసి కళ్ళు నా తల్లికి" అని దిష్టి తీసేదట. అవే కళ్ళకి బళ్ళో పిల్లలు పెట్టిన పేరు మిడిగుడ్లు. ఆరో తరగతిలో కళ్ళజోడు వచ్చింది. డిగ్రీ అయ్యేసరికి రెండు కళ్ళకీ మైనస్ 7.5. ఆ మందపాటి అద్దాల వెనక ఉన్నన్నాళ్ళూ ఆ పేరు మళ్ళీ వినపడలేదని ఆమే చెప్పింది. ఈ మాట నా నోట్సులో కింద గీత గీసి పెట్టుకున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను.

25 ఏళ్ళకి ఉద్యోగం రాగానే కాంటాక్ట్ లెన్సులకి మారింది. ఆరు నెలలు తిరక్కుండానే బంధువుల్లో మాటలు మొదలయ్యాయి. "కళ్ళేంటే అలా ఉబ్బాయి, థైరాయిడ్ చూపించుకో" అని ఒక పెద్దమ్మ అంది. ఒక సంబంధం వాళ్ళయితే నేరుగా థైరాయిడ్ రిపోర్టు పంపమన్నారు. రెండేళ్ళలో మూడుసార్లు రక్తపరీక్ష చేయించుకుంది. మూడుసార్లూ అంతా మామూలుగానే ఉంది. "రిపోర్టు బాగుంటే సంతోషపడాలి కదండీ, నాకు మాత్రం టెన్షన్ ఇంకా పెరిగింది. జబ్బు లేకపోతే మరి ఇవి ఎందుకిలా ఉన్నాయి?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఆ రిపోర్టులు రాసిచ్చిన వాళ్ళెవరూ దానికి జవాబు చెప్పలేదు.

తర్వాత కళ్ళ కింద నల్లటి గుంటలు కనిపిస్తున్నాయని బ్యూటీ క్లినిక్‌కి వెళ్ళింది. అక్కడ గుంటల్లో ఫిల్లర్ ఇంజెక్షన్, అంటే చర్మం కింద నింపే జెల్ లాంటి పదార్థం, ఇచ్చారు. రెండు వారాలు బాగానే ఉందట. ఆ తర్వాత కళ్ళ కింద లేత నీలం రంగు ఉబ్బు వచ్చి నిలిచిపోయింది. పొద్దున లేచేసరికి మరీ ఎక్కువగా ఉండేది. మళ్ళీ వెళ్తే, కింది రెప్పలు బిగించే ఆపరేషన్ చేస్తే అన్నీ సర్దుకుంటాయని ఆ రంగుల ఫోల్డరు చేతికిచ్చారు. అదృష్టం కొద్దీ వాళ్ళమ్మ భయపడింది.

కొలతలు

కళ్ళు ముందుకి కనిపిస్తున్నాయంటే నేను మొదట చూసేది రెండు సంగతులు. నిజంగా ముందుకి వచ్చాయా, కనిపించడమే అలా కనిపిస్తున్నాయా? వచ్చినట్టయితే పుట్టుకతోనే ఉన్నాయా, కొత్తగా వచ్చాయా?

రెండో ప్రశ్నకి స్కాన్ కంటే పాత ఫోటోలు మేలు. మా వాళ్ళు దీన్ని ముద్దుగా ఫ్యాట్ స్కాన్ అంటారు, ఫ్యామిలీ ఆల్బమ్ టోమోగ్రఫీ అని. పదో తరగతి హాల్‌టికెట్టు, ఇంటర్ గ్రూప్ ఫోటో, పాత ఆధార్ కార్డు తెమ్మన్నాను. వాళ్ళమ్మ ఫోనులో ఆమె మూడేళ్ళప్పటి పుట్టినరోజు ఫోటో కూడా ఉంది. అన్నింట్లోనూ కళ్ళు ఇలాగే ఉన్నాయి. వాళ్ళ నాన్న ఫోటో చూపిస్తే ఇంకేం అడగక్కర్లేకపోయింది. అచ్చం అవే కళ్ళు.

కన్ను ఎంత ముందుకుందో కొలిచే పరికరం పేరు హెర్టెల్ ఎక్సాఫ్తాల్మోమీటర్. కంటి పక్క, కణత వైపు ఎముక అంచు మీద దాన్ని ఆనించి, అక్కణ్ణించి నల్లగుడ్డు ముందు భాగం ఎన్ని మిల్లీమీటర్లు బయటికుందో అద్దంలో చూస్తాం. పాఠ్యపుస్తకాల్లో 12 నుంచి 21 మి.మీ. వరకు మామూలు. జాతిని బట్టి, మనిషిని బట్టి మారుతుంది. ఈ అంకె కంటే ముఖ్యమైనది రెండు కళ్ళ మధ్య తేడా. 2 మి.మీ. దాటితే అనుమానించాలి. ఈమెకి రెండు వైపులా 21. గీత మీద ఉందన్నమాట, కానీ తేడా లేదు.

పై రెప్ప అంచు మామూలుగా నల్లగుడ్డు పైభాగాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్లు కప్పి ఉంటుంది. ఈమెకి కప్పే ఉంది. కిందికి చూడమంటే రెప్ప కూడా కంటితోపాటే సాఫీగా దిగింది. థైరాయిడ్ కంటి జబ్బులో సాధారణంగా ఇలా ఉండదు. పై రెప్ప పైకి లాగేసినట్టు ఉంటుంది, ముఖ్యంగా బయటి కొస వైపు. కిందికి చూసినప్పుడు రెప్ప వెనకబడుతుంది, బెదిరినట్టుండే ఆ చూపు దానివల్లే వస్తుంది. పెద్దవాళ్ళలో కళ్ళు ముందుకి రావడానికి, ఒక కన్నయినా రెండు కళ్ళయినా, అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఆ జబ్బే. కాబట్టి బంధువుల అనుమానం తెలివితక్కువది కాదు. థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్ మామూలుగా ఉన్నా కళ్ళకి ఆ జబ్బు వచ్చేవాళ్ళు కొందరుంటారు, అందుకే నేను టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష కూడా చేయించాను. అదీ నెగెటివ్. దాంతో థైరాయిడ్ ఫైలు మూసేశాం. ఇక ఆ పరీక్ష ఎవరడిగినా చేయించుకోవద్దని ఆమెకి కాగితం మీద రాసిచ్చాను.

కింది రెప్ప దగ్గర తేడా ఉంది. మామూలుగా అది నల్లగుడ్డు కింది అంచుని తాకుతూ ఉండాలి. ఈమెకి రెప్పకీ నల్లగుడ్డుకీ మధ్య 1.5 మి.మీ. తెల్లగుడ్డు కనిపిస్తోంది. ఎదుటివాళ్ళకి "ఉబ్బు"గా తోచేది సగం ఈ తెల్ల గీతే.

పక్కనుంచి ఫోటో తీసి, నల్లగుడ్డు ముందు కొస నుంచి నిలువుగా ఒక గీత కిందికి గీశాను. బుగ్గ ఎముక ఉబ్బు ఆ గీతకి ముందుండాలి, కనీసం దాని మీదైనా ఉండాలి. ఈమెకి బాగా వెనక ఉంది. దీన్ని మేము నెగెటివ్ వెక్టర్ అంటాం. కంటి కింద ఎముక అరుగులా నిలబడి రెప్పని మోయాలి. ఆ అరుగే వెనక్కి ఉంటే రెప్ప జారుతుంది, దాని కింద నీడ పడి గుంటలా కనిపిస్తుంది. నల్లటి గుంటలని ఫిల్లర్ పొడిపించుకున్నది ఈ నీడకే.

ఇక కనుగుడ్డు పొడవు. పెద్దవాళ్ళలో ముందు నుంచి వెనక్కి సగటున 23.5 మి.మీ. దగ్గర ఉంటుంది. ఈమెకి కుడి 26.6, ఎడమ 26.5. మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. మైనస్ పవరు ఇంత ఎక్కువ ఉందంటే దాదాపు ఎప్పుడూ కనుగుడ్డు పొడవుగా ఉన్నట్టే. పొడవైన గుడ్డు, లోతు తక్కువ గూడు, వెనక్కి ఉన్న బుగ్గ ఎముక: ఆమె అడిగిన "ఎందుకిలా ఉన్నాయి" అన్న ప్రశ్నకి జవాబు ఈ మూడే. ఇందులో జబ్బు లేదు, ఎవరి తప్పూ లేదు. ఒక్క కంటికే మైనస్ పవరు ఎక్కువ ఉన్నవాళ్ళలో ఆ ఒక్క కన్నే ముందుకొచ్చినట్టు కనిపించి, కంటి వెనక గడ్డ ఉందేమోనని హడలిపోయి వచ్చినవాళ్ళని చూశాను. అయినా ఒక చిన్న హెచ్చరిక: ఒక కన్ను మాత్రమే కొత్తగా ముందుకి వస్తుంటే, లేదా నొప్పి, రెండుగా కనిపించడం, రంగులు వెలిసినట్టుండడం తోడైతే అందం సంగతి పక్కనపెట్టి వెంటనే స్కాన్ చేయించాలి.

అద్దాల లెక్క

ఇప్పుడు ఆ కింద గీత గీసిన మాట దగ్గరికి వస్తాను. కళ్ళజోడు ఉన్నన్నాళ్ళూ ఆమెని ఎవరూ ఏమీ అనలేదు, లెన్సులు పెట్టగానే అన్నారు. మధ్యలో కళ్ళు పెరగలేదు. మైనస్ అద్దం వెనక ఏ వస్తువైనా చిన్నదిగా కనిపిస్తుంది. నల్లగుడ్డుకి 12 మి.మీ. ముందు మైనస్ 7.5 అద్దం ఉంటే ఎదుటివాళ్ళకి ఆ కన్ను సుమారు 8 శాతం చిన్నదిగా కనిపిస్తుంది. పదేళ్ళకి పైగా ఊరంతా ఆమె కళ్ళని తగ్గించి చూసింది, పవరు పెరిగేకొద్దీ చివరికి 8 శాతం దాకా. లెన్సులు పెట్టిన రోజున ఉన్న సైజు ఉన్నట్టుగా చూసింది. పెద్దమ్మ కంటికి అది ఉబ్బడం.

ఇది చెప్పినప్పుడు ఆమె పర్సులోంచి పాత జోడు తీసి పెట్టుకుని, నా గది మూలనున్న అద్దం ముందు చాలాసేపు నిలబడింది. తీసింది, పెట్టుకుంది, మళ్ళీ తీసింది. నేనేమీ మాట్లాడలేదు.

ఈ లెక్క తెలియకుండా కళ్ళజోడు తీసేయించే ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళుంటారు. ఈమె కూడా ఆ ఆలోచనలో ఉంది. కళ్ళు పొడిగా ఉండటం వల్ల, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర) పలచగా ఉండటం వల్ల లేజర్‌తో చేసే లేసిక్ ఈమెకి పనికిరాదు. కంటి లోపల లెన్సు పెట్టే ఐసీఎల్ కుదరొచ్చు. కానీ అది చేయించుకుంటే చూపు బాగుపడుతుంది, కళ్ళు మాత్రం ఇంకెప్పుడూ చిన్నవిగా కనిపించవు. ఈ సంగతి ముందే తెలిసి ఒప్పుకుంటే ఇబ్బంది లేదు. ఆపరేషన్ అయ్యాక తెలిస్తే బాధ.

ఎవరూ అడగని సంగతి

మొదటి రోజు నేనొక ప్రశ్న అడగడం మర్చిపోయాను. రెండోసారి వచ్చినప్పుడు వాళ్ళమ్మే మాటల్లో అంది: "చిన్నప్పట్నించీ ఇది కళ్ళు తెరుచుకునే నిద్రపోతుందండీ. చీకట్లో చూస్తే భయమేసేది." నెమ్మదిగా కళ్ళు మూయమని టార్చ్ వేసి చూస్తే నిజమే, కుడివైపు 1 మి.మీ. సందు. అంటే రాత్రంతా ఆ సందులోంచి కార్నియా కింది భాగానికి ఫ్యాను గాలి తగులుతోంది. ఫ్లోరెసిన్ రంగు చుక్క వేసి నీలం వెలుగులో చూస్తే ఆ భాగమంతా సన్నటి ఆకుపచ్చ చుక్కలు, పొర దెబ్బతిన్న గుర్తులు. కన్నీటి పొర 5 సెకన్లకే పగులుతోంది, 10 సెకన్లకి పైగా నిలవాలి. కాగితపు పట్టీతో చేసే షిర్మర్ పరీక్షలో 5 నిమిషాలకి కుడి 8, ఎడమ 9 మి.మీ. మాత్రమే తడిసింది. దీనికి తోడు బ్యాంకులో నెత్తిన ఏసీ, కంటిలో రోజుకి 13 గంటల పాటు లెన్సు.

ఎరుపెక్కిన పొడి కన్ను మామూలు కంటే ఎక్కువ ఉబ్బినట్టు కనిపిస్తుంది. ఎర్రటి తెల్లగుడ్డు మీదికే ఎదుటివాళ్ళ చూపు పోతుంది.  కాబట్టి ఏ అందం చికిత్సకైనా ముందు దీన్ని బాగుచేయాలి. ముందుకున్న కంటికి ఎండిపోవడమే అసలు ప్రమాదం. మిగతావన్నీ తర్వాత.

పొడవైన కన్ను కాబట్టి చుక్కలు వేసి రెటీనాని, అంటే కంటి లోపల వెనక వెలుగుని పట్టే పొరని, అంచుల దాకా చూశాను. కుడి కంట్లో ఒకచోట లాటిస్, అంటే రెటీనా పలచబడిన మచ్చ. రంధ్రం లేదు. లేజర్ అవసరం లేదు, ఏడాదికోసారి చూపించుకోవాలి. కళ్ళ ముందు ఉన్నట్టుండి మెరుపులు గానీ, నల్లటి చుక్కల జల్లు గానీ, తెర దిగినట్టు గానీ అనిపిస్తే ఆ రోజే రమ్మని చెప్పాను. ఇన్నేళ్ళుగా ఆమె కళ్ళ గురించి అందరూ మాట్లాడారు, ఈ ఒక్క మాట మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆమె అడిగిన ఆపరేషన్ గురించి

దాని పేరు ఆర్బిటల్ డీకంప్రెషన్. కంటి గూటి గోడల్లో కొంత ఎముక తీసేసి, లేదా గుడ్డు వెనకున్న కొవ్వు కొంత తీసి, లేదా రెండూ చేసి, కన్ను వెనక్కి సర్దుకునే చోటు కల్పిస్తాం. థైరాయిడ్ కళ్ళకి ఇది 1911లోనే మొదలైంది. 1957లో వాల్ష్, ఒగురా అనే ఇద్దరు సైనస్ దారిలోంచి చేసే పద్ధతిని ప్రచురించాక బాగా వ్యాపించింది. చూపు నరం నలిగిపోతున్న థైరాయిడ్ రోగికి ఇది కన్ను నిలబెట్టే ఆపరేషన్. నేను చేస్తాను, దాని మీద నాకు నమ్మకం ఉంది.

జబ్బేమీ లేని, పుట్టుకతో ముందుకున్న కళ్ళకి కూడా కొన్నిచోట్ల చేస్తున్నారు. కొవ్వు మాత్రమే తీస్తే రెండు మూడు మిల్లీమీటర్లు, ఒక గోడ తీసినా దాదాపు అంతే, మూడు గోడలు తీస్తే ఇంకా ఎక్కువ వెనక్కి వెళ్తుంది. చెప్పడానికి సులువే. కానీ ఒప్పుకోవాల్సిన ప్రమాదాలు కూడా అంతే సూటిగా చెప్పాలి. వస్తువులు రెండుగా కనిపించవచ్చు. ఈ బెడద లోపలి గోడ, అడుగు గోడ తీసినప్పుడు ఎక్కువ, బయటి గోడ తీసినప్పుడు తక్కువ. బుగ్గ, పై పెదవి మొద్దుబారవచ్చు. కణత దగ్గర గుంట పడవచ్చు. అరుదుగా, చాలా అరుదుగానే అయినా, రక్తం గడ్డకట్టి నరం నొక్కుకుపోయి చూపు పోవచ్చు. మైనస్ 7.5 ఉన్న, చక్కగా చూస్తున్న రెండు కళ్ళతో ఈ బేరం ఆడాలి.

ఆమె పట్టుబట్టడంతో సీటీ స్కాన్ తీయించాను. ఆపరేషన్ మాట లేకపోతే ఈమెకి ఆ స్కాన్ అవసరమే లేదు. కండరాలు సన్నగా, మామూలుగా ఉన్నాయి. గడ్డలేవీ లేవు. గూడు లోతు తక్కువ. బయటి గోడ వెనక భాగంలో స్ఫినాయిడ్ ఎముక మందంగా ఉంటే దాన్ని తొలిచి చోటు చేయొచ్చు, ఈమెకి అక్కడ పలచగా ఉంది. అంటే సురక్షితమైన దారిలో దొరికే చోటు తక్కువ. కావలసినంత వెనక్కి పంపాలంటే మిగతా గోడల జోలికి వెళ్ళాలి. స్కాన్ ఫిల్ము లైటు పెట్టె మీద పెట్టి, ఆమెకీ వాళ్ళమ్మకీ వేలితో చూపిస్తూ అరగంట మాట్లాడాను. చేయను అని అనలేదు. "ఇప్పుడు చేయను, ముందు మిగతావి చేద్దాం, ఏడాది తర్వాత కూడా మీకు కావాలనిపిస్తే మళ్ళీ ఇదే కుర్చీలో కూర్చుని మాట్లాడదాం" అన్నాను.

ఈలోగా ఎవరో వాట్సాప్‌లో పంపిన వార్త ఒకటి వాళ్ళమ్మ చూపించింది. అమెరికాలో ఇంజెక్షన్‌తో ఉబ్బుకళ్ళు తగ్గిపోతున్నాయట. వార్త నిజమే. టెప్రోటుముమాబ్ అనే ఆ మందుకి 2020 జనవరిలో అక్కడ అనుమతి వచ్చింది, థైరాయిడ్ కంటి జబ్బుకి. కంటి వెనక వాపు పుట్టించే కణాల మీద అది పనిచేస్తుంది. ఈమె కంటి వెనక వాపు లేదు, కాబట్టి ఆ మందుకి ఇక్కడ పని లేదు. వినికిడి తగ్గడం, షుగర్ పెరగడం లాంటి ఇబ్బందులు మాత్రం మిగులుతాయి. కీరదోస ముక్కలు, కంటి వ్యాయామాలు, చుక్కల మందులు కూడా ఎముకని జరపలేవు.

రంగుల ఫోల్డర్లో ఉన్న కింది రెప్ప బిగింపు గురించి ఇంకాస్త గట్టిగా చెప్పాలి. పొట్ట ముందుకున్న మనిషి పంచె ఎంత బిగించి కడితే అది అంత కిందికి జారుతుంది. ముందుకున్న కంటికి కింది రెప్ప బిగించినా అంతే. కన్ను చుట్టూ పట్టి ఉండాల్సింది కన్ను కిందికి జారి, కనిపించే తెల్లగుడ్డు ఇంకా పెరుగుతుంది. పైగా కళ్ళ కింద సంచులున్నాయని కొవ్వు తీసేస్తే ఉన్న ఆసరా కూడా పోతుంది. ఇలా చేయించుకుని, కన్ను మూతపడక, కార్నియా మీద పుండుతో వచ్చినవాళ్ళకి రెప్ప కింద వేరే కణజాలం అతికి పైకి లేపాల్సి వచ్చింది. మొదటి ఆపరేషన్ గంట పని. దాన్ని సరిచేయడానికి ఏడాది పట్టింది. నెగెటివ్ వెక్టర్ ఉన్న ముఖానికి మామూలు కింది రెప్ప ఆపరేషన్ చేయకూడదు. ఈ మాటలో నాకు రెండో ఆలోచన లేదు.

ఇంకొకటి కూడా ఆమెని అడిగాను. రోజుకి ఎంతసేపు ఈ కళ్ళ గురించే ఆలోచిస్తారు? ఉద్యోగం, బయటికి వెళ్ళడం ఏమైనా మానుకున్నారా? గంటల తరబడి అద్దం ముందే గడుస్తుంటే నేను ముందు మానసిక వైద్యుల దగ్గరికి పంపుతాను. అలాంటప్పుడు ఏ ఆపరేషన్ చేసినా తృప్తి దొరకదు. ఈమె ఆలోచించి, "ఫోటోలు తీసే రోజుల్లో మాత్రమేనండీ. మిగతా రోజుల్లో కౌంటర్‌లో నా కళ్ళు నాకు గుర్తే ఉండవు" అంది. ఆ జవాబు నాకు ధైర్యమిచ్చింది.

మేం చేసింది

మొదటి మూడు నెలలు పొడి కన్నుకే. ప్రిజర్వేటివ్ లేని చుక్కలు రోజుకి ఆరుసార్లు, రాత్రి పడుకోబోయే ముందు జెల్, ఫ్యాను గాలి ముఖానికి నేరుగా తగలకుండా మంచం జరపడం. బ్యాంకు మేనేజరుతో మాట్లాడి ఏసీ కింద నుంచి సీటు మార్పించుకుంది. లెన్సులు ఫంక్షన్లకి మాత్రమే, అదీ నాలుగైదు గంటలు, ఏ రోజుకారోజు పారేసేవి. ఆఫీసుకి కళ్ళజోడు. పైభాగం ముదురు రంగులో ఉన్న చిన్న ఫ్రేము, పలచటి హై ఇండెక్స్ అద్దాలు ఎంచుకుంది. కాటుక దగ్గర కాస్త వాదన జరిగింది. కింది రెప్ప లోపలి అంచున పెట్టే నల్లటి కాటుక కన్నుని చిన్నదిగా చూపిస్తుంది, నిజమే. కానీ ఆ పొడి కన్నీటిలో కలిసి, రెప్ప అంచున ఉండే నూనె గ్రంథుల నోళ్ళు మూసేస్తుంది. వెంట్రుకల బయటివైపు పెట్టుకునేలా ఇద్దరం రాజీపడ్డాం.

నెలన్నర తిరిగేసరికి కార్నియా మీది ఆకుపచ్చ చుక్కలు చాలా తగ్గాయి. ఎరుపు పోయింది. "ఆఫీసులో ఇద్దరు అడిగారండీ, బాగా నిద్రపోతున్నావా ఈమధ్య అని" అంది.

తర్వాత పాత ఫిల్లర్. చర్మం పలచగా ఉండే కంటి కింద దాన్ని పైపైనే పెట్టడం వల్ల వెలుగు చెదిరి నీలంగా కనిపిస్తుంది, దీన్ని టిండాల్ ఎఫెక్ట్ అంటారు. అది నీటిని కూడా పీల్చుకుంటుంది, పొద్దుటి ఉబ్బు అందుకే. హయలురానిక్ యాసిడ్ ఫిల్లర్ కావడం మంచిదైంది, దాన్ని కరిగించే హయలురానిడేజ్ అనే ఎంజైమ్ ఉంది. ముందు చేతి మీద చిన్న పరీక్ష చేసి ఎలర్జీ లేదని చూసుకుని, రెండు వారాల తేడాతో రెండుసార్లు కొంచెం కొంచెం ఇచ్చాం. నీలం ఉబ్బు పోయింది. అసలు గుంట మళ్ళీ బయటపడింది. ఇలా జరుగుతుందని ముందే చెప్పాను కాబట్టి ఆమె కంగారుపడలేదు.

నాలుగు వారాలు ఆగి, ఈసారి ఫిల్లర్ పెట్టాల్సిన చోట పెట్టాం. రెప్ప చర్మం కింద కాదు, బుగ్గ ఎముక మీద, లోతుగా, మొన మొద్దుగా ఉండే కాన్యులా అనే సన్నటి గొట్టంతో. ఒక్కో వైపు 0.8 మి.లీ. వెనక్కి ఉన్న అరుగుని కొంచెం ముందుకి తేవడమే దీని పని. ఫిల్లర్ రక్తనాళంలోకి పోతే వెనక్కి ప్రయాణించి కంటి ధమనిని మూసేయొచ్చు. అలా పోయిన చూపు దాదాపు తిరిగి రాదు. కనుబొమల మధ్య, ముక్కు మీద ఈ ప్రమాదం ఎక్కువ, బుగ్గ దగ్గర తక్కువ. కానీ లేకపోలేదు. ఈ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు ఆమె చదవకుండా పెట్టబోతే ఆపి చదివించాను. కరిగించే మందు పక్కనే లేని చోట ఈ ఇంజెక్షన్ ఎవరూ వేయించుకోకూడదు.

నెల తర్వాత కొలిచాం. హెర్టెల్ మీద 21, రెండు వైపులా. కన్ను వెంట్రుకవాసి కూడా వెనక్కి వెళ్ళలేదు, వెళ్ళదు కూడా. కింద కనిపించే తెల్లగుడ్డు 1.5 నుంచి 1 మి.మీ.కి తగ్గింది. రెప్పకి కింద ఆసరా దొరకడంతో అది అర మిల్లీమీటరు పైకి వచ్చింది. పక్క ఫోటోలో బుగ్గ, కన్ను ఇప్పుడు దాదాపు ఒక గీత మీదున్నాయి. పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెడితే తేడా ఏమిటో వెంటనే పట్టుకోవడం కష్టం, కానీ చూపు కంటి దగ్గర ఆగిపోకుండా ముఖమంతా చూస్తుంది. వాళ్ళమ్మ రెండు ఫోటోలూ చాలాసేపు చూసి, "మా అత్తగారి పోలిక ఇప్పుడు బాగా తెలుస్తోంది" అంది.

ఏడాదిన్నర తర్వాత

బుగ్గ మీద పెట్టిన 14వ నెలలో ఫిల్లర్ తగ్గుతోందని వచ్చింది. రెండోసారి ఒక్కో వైపు 0.5 మి.లీ. సరిపోయింది. ఇది ఎప్పటికీ ఇలా వేయించుకుంటూ పోవాల్సిందేనా అని అడిగింది. శాశ్వతంగా కావాలంటే కంటి కింది ఎముక అంచు మీద ఇంప్లాంట్ పెట్టే పద్ధతి ఉంది. అది మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్, ఇన్ఫెక్షన్ వస్తే తీసేయాల్సి రావొచ్చు. ఆ పని నాకంటే ఎక్కువ చేసిన ముఖ ఎముకల సర్జన్ ఒకరి దగ్గరికి అభిప్రాయం కోసం పంపాను. ఇంకా నిర్ణయించుకోలేదు, తొందర కూడా లేదంది. డీకంప్రెషన్ మాట తనే ఎత్తింది: "అప్పుడు మీరు చేసేసి ఉంటే బాగుండేదని మొదటి మూడు నెలలూ కోపంగా ఉండేదండీ." ఇప్పుడేమనుకుంటోందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఏడాది తర్వాత మాట్లాడదామన్న కుర్చీ ఖాళీగానే ఉంది, కావాలంటే కూర్చోవచ్చు.

ఆ రోజు కొలతలు: కార్నియా శుభ్రంగా ఉంది, కన్నీటి పొర 9 సెకన్లు, కుడి రెప్ప సందు అలాగే 1 మి.మీ. అందుకే రాత్రి జెల్ మానకూడదు. కుడి రెటీనాలో లాటిస్ మచ్చ మారలేదు.

ఈసారి వెంట తమ్ముణ్ణి తీసుకొచ్చింది. 24 ఏళ్ళు, మైనస్ 6, అవే కళ్ళు. కళ్ళ గురించి తననెప్పుడూ ఎవరూ ఏమీ అనలేదన్నాడు, తనకే ఇబ్బందీ లేదన్నాడు, అక్క పోరు పడలేక వచ్చానన్నాడు. చుక్కలు వేసి, అరగంట కూర్చోబెట్టి రెటీనా అంచులు చూశాను. ఎడమ కంట్లో పైన, లాటిస్ మచ్చ కొసన గుర్రపునాడా ఆకారంలో ఒక చిరుగు ఉంది. ఆ సాయంత్రమే దాని చుట్టూ లేజర్ చేయించాం.